పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్: ఐదేళ్ళ వాడకం తరువాత

2014లో కొన్న నా ల్యాప్‌టాప్ విండోస్ 10 భారానికి ఆయాసపడుతున్న రోజుల్లో, 2020 చివర, అందులో విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 20ని, సినమన్ అనే డెస్క్‌టాప్ రూపంతో, వేశాను. ఆ తరువాత 21కి, అక్కడి నుంచి 22కి మారుతూ వచ్చి, అనువాదం, ప్రూఫులు దిద్దడం, బ్యాంకు పనులు అన్నీ దాని మీదే చేసుకుంటున్నాను. వేగం బాగా పెరిగిన మాట నిజమే గాని, ఆ ఘనత అంతా మింట్‌కే కట్టబెట్టలేను. అప్పుడే హార్డ్‌డిస్క్ తీసేసి దానికన్నా వేగమైన ఎస్‌ఎస్‌డీ పెట్టించాను, ర్యామ్‌ను 4 జీబీ నుంచి 8 జీబీకి పెంచాను.

డిజిటల్ సంతకం టోకెన్ (ఆన్‌లైన్‌లో పత్రాలపై సంతకం చేయడానికి వాడే యూఎస్‌బీ పరికరం) కోసం విండోస్‌ను కూడా ఒక పక్కన ఉంచుకోవలసి వచ్చింది, తొలి చిక్కు అక్కడే ఎదురైంది. మింట్‌లో పనిచేసి, ఉదయం తొమ్మిదింటికి విండోస్ తెరిస్తే గడియారం తెల్లవారుజాము మూడున్నర చూపించేది. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ అయిపోయిందనుకుని కొత్తది వేయించాను కూడా. తేడా ప్రతిసారీ సరిగ్గా ఐదున్నర గంటలే ఉంటోందని గమనించాక గాని అసలు సంగతి తట్టలేదు: లినక్స్ బోర్డు గడియారంలో అంతర్జాతీయ సమయాన్ని (మన సమయానికి ఐదున్నర గంటలు వెనక) రాసిపెడుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయంగా చదువుకుంటుంది. బోర్డు గడియారాన్ని స్థానిక సమయంలోనే ఉంచమని టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) ఒక్క ఆదేశం ఇవ్వడంతో ఆ గొడవ తీరింది. బ్యాటరీ డబ్బులు మాత్రం దండగ.

తెలుగు రాయడానికి నాకు ఇంతకన్నా అనువైన చోటు దొరకలేదు. భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ సెట్టింగ్స్‌లోనే ఉంది, పోతన, వేమన ఫాంట్లు ప్యాకేజీగా దొరుకుతాయి. అయితే "సాఫ్ట్‌వేర్" అని రాయబోతే వకారం టకారం కిందికి వత్తుగా చేరి "సాఫ్ట్వేర్" అయిపోయేది. కీబోర్డు ఐచ్ఛికాల జాబితాలో స్పేస్‌బార్‌కు సంబంధించిన భాగంలో, షిఫ్ట్‌తో కలిపి నొక్కినప్పుడు పొల్లును విడిగా నిలిపే కనిపించని అక్షరం పడేలా చేసే వీలుందని చాలా నెలల తరువాత కనుక్కున్నాను. ప్రూఫులు దిద్దేవారికి ఈ ఒక్క అమరిక ఎంత శ్రమ తగ్గిస్తుందో చెప్పలేను.

అన్నిటికన్నా కంగారు పెట్టినది కెర్నల్ (వ్యవస్థకు గుండెకాయ లాంటి భాగం) నవీకరణ. ఒక రాత్రి అప్‌డేట్లు వేసి పడుకుంటే, మర్నాడు ప్యానెల్‌లో వైఫై గుర్తే లేదు. వైఫైని నడిపే డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి. ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ పెడితే తాత్కాలికంగా గండం గడిచింది. తరువాత యంత్రాన్ని మళ్ళీ ఆన్ చేస్తూ షిఫ్ట్ నొక్కి పట్టుకుని, దేనితో బూట్ చేయాలో అడిగే గ్రబ్ మెనూలో పాత కెర్నల్‌ను ఎంచుకుంటే వైఫై ఎప్పటిలాగే వచ్చింది. అప్‌డేట్ మేనేజర్‌లోని కెర్నల్ జాబితా నుంచి కొత్తదాన్ని తీసేసి, తరువాతి విడుదల వరకు పాతదానితోనే నడిపించాను. ఆ రోజు నుంచి ప్రతి పెద్ద అప్‌డేట్‌కు ముందు టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాముతో స్నాప్‌షాట్ (అప్పటి వ్యవస్థ నకలు) తీసుకుంటున్నాను; ఒకసారి డెస్క్‌టాపే తెరుచుకోనప్పుడు ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, దాని నుంచే వ్యవస్థను ముందురోజు స్థితికి తెచ్చుకోగలిగాను. కాని టైమ్‌షిఫ్ట్ మామూలుగా హోమ్ ఫోల్డర్‌ను కాపాడదు, అందులోని సొంత ఫైళ్ళకు వేరే నకలు ఉంచుకోవాలి.

ఇంట్లోని లేజర్ ప్రింటర్‌తో మాత్రం ఓడిపోయాను. దాని తయారీదారు ఇచ్చిన లినక్స్ డ్రైవర్ మింట్ 20లో ఏదో విధంగా పనిచేసింది గాని, మింట్ 22లో మొదటి పేజీ అచ్చువేసి మొరాయిస్తోంది. రెండు ఆదివారాలు దానితో కుస్తీపట్టి వదిలేశాను. ఇప్పుడు పీడీఎఫ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, వీధి చివరి జిరాక్స్ షాపుకు వెళ్తున్నాను.