గడ్డి కొలిచేవాళ్ల వెంట: కచ్ బన్నీ యాత్ర

గుజరాత్‌లోని కచ్ వెళ్లొచ్చామంటే మనవాళ్లు ముందు అడిగేది తెల్ల ఎడారి ఫొటోలు. జిల్లా కేంద్రం భుజ్ నుంచి ఆ తెల్లటి ఉప్పు ఎడారికి పోయే దారిలో రెండు పక్కలా బన్నీ ఉంటుంది. సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల గడ్డినేల. చాలామంది దాన్ని కారు అద్దంలోంచి చూసి వెళ్లిపోతారు. మేము వెళ్లిందే దానికోసం. ఆ గడ్డి మీద పనిచేస్తున్న పరిశోధకుల్నీ, వాళ్లకి సాయంగా వచ్చే వాలంటీర్లనీ, తరతరాలుగా ఆ గడ్డినే నమ్ముకుని పశువుల్ని మేపుకునే మాల్ధారీలనీ కలవాలనుకున్నాం. ఇలాంటి ఆసక్తి ఉన్నవాళ్లకి ఎక్కడ ఉండాలో, దేనికి ఖర్చు పెట్టాలో, ఏది వదిలేసినా ఫర్వాలేదో తెలియాలని ఇది రాస్తున్నాను.

హైదరాబాద్ నుంచి అహ్మదాబాద్ దాకా రైల్లో వెళ్లాం. అక్కడినుంచి భుజ్‌కి 2024 సెప్టెంబరులో మొదలైన నమో భారత్ ర్యాపిడ్ రైలు ఉంది. దాదాపు 360 కిలోమీటర్లు, ఆరు గంటల లోపే. బస్సులూ చాలా ఉన్నాయి కానీ నడుముకి రైలే మంచిది. భుజ్ చేరేసరికి బాగా పొద్దుపోతుంది కాబట్టి గది ముందే చూసుకోవాలి. మేము దిగిన హోటల్లో వేడినీళ్లు ఉంటాయని చెప్పి, తెల్లవారాక గీజర్ పాడైందన్నారు. ఇక కారు మాట్లాడుకున్న ఏజెన్సీ డ్రైవరు మమ్మల్ని వరసగా చేతిపనుల షాపులకే తిప్పాడు. కారు మాట్లాడేటప్పుడే ‘షాపుల దగ్గర ఆపొద్దు, ఊళ్లలో ఎంతసేపైనా ఆగాలి’ అని తేల్చి చెప్పండి. భుజ్‌లో ఒక పూట దొరికితే భుజియా కొండ మీది స్మృతివన్ చూడండి. 2001 భూకంపంలో పోయినవాళ్ల జ్ఞాపకార్థం కట్టింది. చాలా బాగా చేశారు.

భుజ్ నుంచి ఉత్తరంగా ఖావడా రోడ్డు ఎక్కితే కర్కాటక రేఖ బోర్డు వస్తుంది, తర్వాత భిరండియారా. తెల్ల ఎడారికి పర్మిట్ అక్కడ తీసుకోవచ్చు. ఆధార్ జిరాక్సులు దగ్గర పెట్టుకోండి, సరిహద్దు ప్రాంతం కదా. ఆ ఊరి మావా, అంటే తీపి కోవా, తినకుండా ముందుకి పోవద్దు. బన్నీ గేదె పాలతో చేసేది అది.

బసకి మా దృష్టిలో రెండు దారులు. తెల్ల ఎడారి అంచున ధోర్డో దగ్గర, రణ్ ఉత్సవ్ అనే చలికాలపు పండగ సమయంలో వెలిసే టెంట్ సిటీ ఒకటి. సౌకర్యం ఉంటుంది, సాయంత్రం పాటలూ ఆటలూ ఉంటాయి. కుటుంబంతో పండగలా గడపాలంటే సరే. కానీ ఖర్చు ఎక్కువ, గడ్డికీ దానికీ సంబంధం లేదు. రెండోది హోడ్కా ఊరివాళ్లే నడిపే షామ్-ఎ-సర్హద్. మట్టితో కట్టి పైన గడ్డి కప్పిన గుండ్రటి భూంగాల్లో పడుకుంటాం. పగలు చల్లగా ఉంటుంది, రాత్రి చలి లోపలికి రాదు. 2001 భూకంపాన్ని చాలా భూంగాలు తట్టుకున్నాయంటే ఆ గుండ్రటి గోడల వల్లే. సజ్జ రొట్టె, తెల్ల వెన్న, వెల్లుల్లి కారం, కిచిడీ, కఢీ, మజ్జిగ పెట్టారు. మన రాయలసీమ వాళ్లకి ఆ రొట్టె కొత్తేమీ కాదు, వెన్న మాత్రం మర్చిపోలేరు. మనం కట్టే డబ్బు ఊరికే చేరుతుంది, పైగా మాట కలపడానికి మనుషులు దొరుకుతారు. అందుకే నేనైతే హోడ్కాయే అంటాను. ఊళ్లలో కొందరు ఇళ్లలో కూడా గదులిస్తున్నారు. అలా ఒక ఇంట్లో ఒక రాత్రి ఉన్నాం. ఆదరణకి లోటు లేదు కానీ బాత్రూం దూరం, నీళ్లు తక్కువ. పెద్దవాళ్లు వెంట ఉంటే అది ముందే అడగండి.

హోడ్కాలోనే రాంబుల్ అనే పరిశోధనా వేదిక ఉంది. భుజ్‌లోని సహజీవన్ సంస్థ, కొన్ని పరిశోధనా సంస్థలు, పశుపోషకుల సంఘం కలిసి మొదలుపెట్టినది. వానలు వెనక్కి తగ్గాక, గడ్డి ఎండకముందే కొలతలు జరుగుతాయి. మాకు ఆ పని చివర్లో ఒక పొద్దు దొరికింది. తెల్లవారుజామునే బయల్దేరాలి, ఎండెక్కితే వంగి పనిచేయలేం.

పని చూడ్డానికి చిన్నదే. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చట్రాన్ని నేల మీద పరుస్తారు. దానిలో ఏ గడ్డి ఎంత ఉందో రాసుకుంటారు. తర్వాత కొడవలితో మొదలు దాకా కోసి, జాతుల వారీగా వేరు చేసి, కాగితం కవర్లలో వేసి తూస్తారు. ఎండబెట్టి మళ్లీ తూస్తారు. పుణే నుంచి వచ్చిన ఒక అమ్మాయి రాస్తోంది, బెంగళూరు కుర్రాడు కోస్తున్నాడు. పక్కన ఊరి పెద్దాయన ఒకరు గొంతుక్కూర్చుని, ఆ అమ్మాయి ఒకే కవర్లో వేయబోతున్న రెండు పోచల్ని తీసి విడివిడిగా ఆమె చేతిలో పెట్టారు. ‘ఇది ధామణ్ బేటీ, అది కాదు. ధామణ్ కనిపిస్తే పశువు ముందుకి కదలదు’ అన్నారు. నా కళ్లకి రెండూ ఒకటే. ఆ అమ్మాయి పుస్తకంలో దిద్దుకుంది. ఆ నేలలో పరిశోధన అంటే ఇదే అనిపించింది నాకు. లెక్క ఒకరిది, గుర్తుపట్టే కన్ను ఇంకొకరిది, రెండిట్లో ఏది లేకపోయినా ఆ కవరు మీద పేరు తప్పుగానే ఉండేది.

ఈ పరిశోధకుల ముందున్న పెద్ద ప్రశ్న ఒక చెట్టు గురించి. మన ప్రకాశం, అనంతపురం జిల్లాల్లో చెరువుల్నీ బీళ్లనీ కమ్మేసిన సర్కారు తుమ్మే అది. అక్కడ గాండో బావళ్ అంటారు, పిచ్చి తుమ్మ అని. ఉప్పు ఎడారి ముందుకి రాకుండా ఆపుతుందని 1960ల మొదట్లో అటవీ శాఖ బన్నీలో పెద్ద ఎత్తున నాటింది. పశువులు కాయలు తింటాయి, పేడతో పాటు గింజలు ఎక్కడ పడితే అక్కడ మొలుస్తాయి. ఇవాళ బన్నీలో దాదాపు సగం ఆ చెట్టు కిందే ఉంది. నరికితే మొద్దు నుంచి మళ్లీ చిగురిస్తుంది, వేరుతో సహా పెకలించాల్సిందే. పెకలించిన చోట్ల, అలాగే వదిలేసిన చోట్ల, కంచె వేసిన చోట్ల, పశువులకి తెరిచి ఉంచిన చోట్ల గడ్డి ఎలా వస్తోందో పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. అందరికీ ఒక హెచ్చరిక: చెప్పులు వేసుకెళ్లకండి. ఆ ముల్లు మామూలు అట్టని దూసుకొస్తుంది. మందపాటి అడుగున్న బూట్లు కావాలి.

ఊళ్లో అందరూ ఒకే మాట మీద ఉంటారనుకుంటే పొరపాటు. పశువులు ఎక్కువున్నవాళ్లు చెట్టు పోవాలంటారు. కాంక్రేజ్ ఆవులు ఆ కాయలు తిని జబ్బుపడి చచ్చిపోయాయని, అందుకే బన్నీలో ఆవులు తగ్గి గేదెలు పెరిగాయని చెబుతారు. పశువుల్లేని కుటుంబాలకి అదే చెట్టు బొగ్గై కూడు పెడుతోంది. కరువులో కాయలే మేత. ఈ చర్చ వినకుండా, చెట్టు కొట్టేస్తే సమస్య తీరిపోతుందని తేల్చేసి రావద్దు. వాలంటీర్లు కూడా గడ్డి కొలిచినంత శ్రద్ధగా ఈ ఇళ్ల ఆదాయాలు రాసుకోవడం నాకు బాగా నచ్చింది.

సాయంత్రం హోడ్కా పొలిమేరలో నిలబడితే గేదెలు బయటికి పోతూ కనిపిస్తాయి. వెంట కాపరి ఉండడు. రాత్రంతా మేసి, పొద్దున్నే పాలకి వాటంతటవే ఇంటికొస్తాయి. బన్నీ గేదెని 2010లో దేశంలో 11వ గేదె జాతిగా గుర్తించారు. 2008లో ఏర్పడ్డ మాల్ధారీల సంఘం, బన్నీ పశు ఉచ్ఛేరక్ మాల్ధారీ సంఘటన్, దానికోసం గట్టిగా పనిచేసింది. ఏటా జరిగే పశుమేళాకి మీ తేదీలు కుదిరితే, తెల్ల ఎడారి మానుకుని అయినా అక్కడికి వెళ్లండి.

విర్దాలు కూడా అడిగి చూడండి. లోతట్టు కుంటల్లో తవ్విన చిన్న బావులు. కింద ఉప్పునీళ్లు, పైన వాన తీపినీళ్లు తేలుతూ ఉంటాయి. పక్కలు కూలకుండా మొద్దులు, గడ్డి పేర్చి ఆ పైనీళ్లనే తోడుకుంటారు. ఉప్పు తగలగానే ఆ బావి వదిలి ఇంకోటి తవ్వుతారు. ఇది చూశాక ఆ నేలని ‘ఖాళీ భూమి’ అనడానికి నోరు రాదు.

కానీ కాగితాల మీద చాలాకాలం అలాగే ఉంది. బన్నీని 1955లో రక్షిత అడవిగా ప్రకటించారు. గడ్డినేలల్ని బంజరుగా లెక్కేసే అలవాటు మన ప్రభుత్వాలకి ఎప్పటినుంచో ఉంది. మేత మీద హక్కు తమదని ఊళ్లు సామూహిక అటవీ హక్కుల కింద దరఖాస్తులు పెట్టుకున్నాయి. గడ్డిని దున్ని సాగు చేస్తున్న ఆక్రమణల మీద మాల్ధారీ సంఘం హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లింది. 2021లో ట్రిబ్యునల్ ఆక్రమణలు తీసేయమంది, మాల్ధారీల హక్కుల్ని గుర్తించమంది. ఇప్పుడు బన్నీలో చీతాల సంతానోత్పత్తి కేంద్రం పేరుతో కంచెలు వస్తున్నాయి. మేం కలిసిన మాల్ధారీలకి టెన్షన్ అదే. మా మేతకి ఎంత మిగులుతుంది అని అడిగారు. మన కర్నూలు వైపు రోళ్లపాడులో, గడ్డినేలల్లో బతికే బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు కదా, ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనిపించడమే లేదు. ఆ సంగతి మనసులో మెదిలి, కంచె ఒక్కటే సరిపోదని వాళ్లతో అన్నాను.

ఇంకో రోజు ఉంటే ఛారీ ఢండ్ వెళ్లండి. చలికాలంలో క్రౌంచ పక్షులు గుంపులుగా దిగే చిత్తడి నేల. కాలా డుంగర్ కొండ నుంచి ఎడారి బాగా కనిపిస్తుంది, కానీ సాయంత్రం జనం విపరీతం. పొద్దున పోతే మేలు.

ఎండ తట్టుకోలేనివాళ్లకి డిసెంబరు, జనవరి హాయి. గడ్డి పని చూడాలంటే మాత్రం వానలు తగ్గిన అక్టోబరు, లేదా నవంబరు మొదట్లోనే పోవాలి. జనవరికల్లా గడ్డి చాలావరకు ఎండిపోతుంది. నెట్‌వర్క్‌ని నమ్ముకోకండి, మ్యాపులు భుజ్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. అడక్కుండా ఆడవాళ్ల ఫొటోలు తీయొద్దు, పొలిమేరలో డ్రోన్ ఎగరేయొద్దు. హిందీతో పని జరుగుతుంది, గుజరాతీ వస్తే ఇంకా మంచిది. పరిశోధకుల్ని కలవాలంటే చెప్పాపెట్టకుండా వెళ్లి వాళ్ల పని చెడగొట్టకుండా, భుజ్‌లోని సహజీవన్ సంస్థకి కొన్ని వారాల ముందే రాయండి. మొక్కలు గుర్తుపట్టగలరా, మ్యాపులు గీయగలరా, పశువైద్యం తెలుసా, అదీ ఆ ఉత్తరంలోనే చెప్పండి. వాలంటీరుగా ఉండాలనుకుంటే వారాంతంలో వచ్చి పోయే పని కాదిది, ఒక వానకాలం మొత్తం ఉండగలిగితేనే అడగండి. ఊరి మనిషి మీకు దారి చూపించినా, గడ్డి పేర్లు చెప్పినా అతని రోజు కూలి ఇచ్చి రండి. ఆ పూట అతను పశువుల్ని వదిలి మీతో ఉన్నాడు కాబట్టి.