తెరచాప ఓడా, ఉక్కు యుద్ధనౌకా? రిటైరయ్యాక నీటిరంగుల్లో దేనితో మొదలుపెడితే మేలు

రిటైరయ్యాక వాటర్ కలర్ డబ్బా కొనుక్కుని, చరిత్రలోని ఓడల బొమ్మలు వేద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది మొదటి వారంలోనే ఒక తప్పు లెక్క వేసుకుంటారు. నేనూ వేసుకున్నాను. తెరచాప ఓడకి మూడు స్తంభాలు, వాటికి అడ్డకొయ్యలు, వందల తాళ్లు, పక్కల్లో వరసకట్టిన ఫిరంగి కిటికీలు. చూస్తేనే కళ్లు తిరుగుతాయి. ఉక్కు యుద్ధనౌక అయితే బూడిదరంగు పెట్టె మీద ఇంకో పెట్టె, దాని మీద రెండు పొగగొట్టాలు. కాబట్టి ముందు ఉక్కుది నేర్చుకుని, చెయ్యి తిరిగాక తెరచాపల జోలికి వెళ్దాం అనుకుంటాం.

నాలుగేళ్లు గడిచి, రెండు అట్టపెట్టెల నిండా పాడైన కాగితాలు పోగయ్యాక తెలిసింది, ఆ లెక్క తలకిందులని. నీటిరంగుల్లో సగం పని వదిలేయడమే. కొంత వదిలేసినా ఊరుకునే ఓడ మనకి సులువు. తెరచాప ఓడ ఊరుకుంటుంది. ఉక్కుది ఊరుకోదు.

తెల్లకాగితమే తెరచాప

నూనెరంగుల్లోనో అక్రిలిక్‌లోనో ముదురు మీద లేత వేయొచ్చు, తప్పు మీద తెలుపు పూసేయొచ్చు. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే, ఒకసారి కప్పేశామా, పోయినట్టే. తెరచాప చూస్తే తెల్లగుడ్డ. అంటే బొమ్మలో ముఖ్యమైన భాగం మనం వేయక్కర్లేదు, కాపాడుకుంటే చాలు.

ఆకాశం కోసం కాగితం తడిపేటప్పుడు తెరచాపలు ఉండాల్సిన చోటు పొడిగా వదిలేస్తాను. అల్ట్రామెరీన్ అనే ముదురు నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా అనే తుప్పు గోధుమరంగు కలిపి ఆ తడిలోకి వదిలితే, రంగు పాకుతూ వచ్చి పొడి అంచు దగ్గర దానంతటదే ఆగిపోతుంది. కాగితం ఆరేసరికి ఓడ నిలబడి ఉంటుంది, ఒక్క గీత గీయకుండా. అంచు కాస్త వంకరపోయినా గాలికి గుడ్డ ఉబ్బినట్టే కనిపిస్తుంది. ఎండ పడని వైపు లేత బూడిదనీలం ఒక పొర, గుడ్డలోంచి వెలుగు వచ్చే చోట పల్చగా పసుపు మట్టిరంగు, అంతే.

సన్నని కొయ్యలకి మాత్రం మాస్కింగ్ ఫ్లూయిడ్ వాడతాను, కాగితానికి రంగు అంటకుండా కాపాడే జిగురులాంటి ద్రవం అది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనే సామెత దీన్ని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. రంగు వేసేదాకా దాని మీదే ఆధారం, ఆరగానే వేలితో రుద్ది పారేస్తాం. వారాల తరబడి అలాగే వదిలేస్తే మాత్రం కాగితాన్ని పట్టుకుని ఊడిరాదు. మంచి కుంచె దాంట్లో ముంచారంటే ఆ కుంచె మీద ఆశ వదులుకోవడమే.

ఇక అందరూ భయపడే తాళ్లు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ ఎక్కిన విక్టరీ ఓడకి 104 ఫిరంగులు, 40 కిలోమీటర్లకు పైగా తాళ్లు. నా మొదటి విక్టరీ బొమ్మలో అవన్నీ వేయాలని చూశాను. నాలుగు రోజులు కూర్చుంటే సాలెగూడు తయారైంది, అందులో చిక్కుకున్న ఈగలా ఓడ. ఇప్పుడు స్తంభాల్ని పక్కల నుంచి పట్టి ఉంచే తాళ్ల గుంపులు, ముందు కొయ్యకి వెళ్లే నాలుగైదు పెద్ద తాళ్లు వేసి ఆపేస్తాను. నిజంగా సముద్రం మీద అర కిలోమీటరు దూరం నుంచి చూసినా అంతకంటే ఎక్కువ కనపడవు.

పొడుగాటి సన్న వెంట్రుకలుండే రిగ్గర్ కుంచెకి ఆ పేరు వచ్చింది ఓడల తాళ్లు వేయడం వల్లే. దాన్ని నిండా ముంచి, కొసన పట్టుకుని, వేళ్లతో కాకుండా భుజం నుంచి లాగాలి. దూరంగా ఉన్న కొస చేరకముందే కుంచె ఎత్తేయాలి. గీత మధ్యలో తెగిందా? మంచిదే. తెగిన గీతని కన్ను తాడులా చదువుకుంటుంది, ఏకబిగిన ఉన్న గీత ఇనప తీగలా కనిపిస్తుంది. అరవై దాటాక చెయ్యి కాస్త వణుకుతుంది కదా, ఆ వణుకు తాడుకి నప్పుతుంది. ఉక్కు నౌక డెక్ అంచుకి నప్పదు.

ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ 1818లో ఫార్న్లీ హాల్ అనే బంగళాలో, యుద్ధనౌక ఎంత పెద్దగా ఉంటుందో తెలిసేలా ఒక బొమ్మ వేసిమ్మని తన స్నేహితుడు వాల్టర్ ఫాక్స్ అడిగితే, ఒక్క పొద్దుటిపూటలో నీటిరంగుల్లో వేసిచ్చాడు. కాగితం మీద తడిరంగు పోసి, రుద్ది, గోటితో గీకి, పిచ్చిపట్టినవాడిలా వేశాడని పక్కన కూర్చుని చూసిన ఆ ఇంటి అబ్బాయి తర్వాత చెప్పాడు. చిన్న ఓడల్ని పక్కన పెట్టి పెద్ద ఓడ పొట్టని కొండలా నిలబెట్టాడు. తాళ్లు లెక్కపెడుతూ కూర్చుంటే ఒక పూటలో అయ్యే పనా అది?

ఉక్కు ఎందుకు మొండికేస్తుంది

బూడిదరంగు ఓడ పొట్ట అంటే కాగితం మీద జానెడున్నర పొడవున ఒకే తీరు వాష్, అంటే నీళ్లలో పలచబరిచిన రంగు పొర. చూడ్డానికి దీనంత సులువు లేదు. వెడల్పాటి కుంచెతో ఎడమ నుంచి మొదలుపెడతాం, రంగు పూసలా ముందుకి జరుగుతూ ఉంటుంది, అంతా బాగానే ఉంటుంది. చివర్లో ముక్కు దగ్గర కాస్త పలచబడిందని ఇంకో చుక్క తడి రంగు తగిలిస్తాం. రెండు నిమిషాల్లో అక్కడ కాలీఫ్లవర్ పువ్వు లాంటి మచ్చ విచ్చుకుంటుంది. మబ్బులో వస్తే అందమే, యుద్ధనౌక పక్కన వస్తే టార్పీడో తగిలినట్టు ఉంటుంది.

దానికి తోడు గుండ్రటివి. టరెట్లు (ఫిరంగులు బిగించిన, తిరిగే గదులు), పొగగొట్టాల మూతులు, కిటికీలు అన్నీ ఏటవాలుగా చూస్తే కోడిగుడ్డు ఆకారాలు, ఒకదానితో ఒకటి పొంతన కుదరాలి. 1906లో వచ్చిన బ్రిటిష్ యుద్ధనౌక డ్రెడ్‌నాట్‌కి 12 అంగుళాల ఫిరంగులు పది, రెండేసి చొప్పున అయిదు టరెట్లలో. అందులో ఒక్క టరెట్ వాలినా పక్కవాళ్లు కూడా పట్టేస్తారు. తెరచాప కాస్త వాలితే గాలి అనుకుంటారు.

అలాగని ఉక్కుని తీసిపారేయలేం. ఎరిక్ రావిలియస్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున యుద్ధ చిత్రకారుడిగా వెళ్లి, 1940లో నార్వే వైపు సముద్రంలో చూసిన నౌకల్ని నీటిరంగుల్లోనే వేశాడు. ఆయన బొమ్మలు చూస్తే నిండు వాష్ తక్కువ. దాదాపు పొడిగా ఉన్న కుంచెతో సన్న గీతలు పక్కపక్కనే గీసి, మధ్యలో కాగితం తెల్లగా మెరవనిచ్చాడు. అంటే ఉక్కునీ వదిలేయొచ్చు, కాకపోతే ఏది వదలాలో తెలియడానికి డ్రాయింగ్ గట్టిగా ఉండాలి. ఆయన 1942లో ఐస్‌లాండ్ దగ్గర, తప్పిపోయిన విమానాన్ని వెతకడానికి వెళ్లిన విమానంలో ఉండి తిరిగిరాలేదు. 39 ఏళ్లే.

నాకు పనికొచ్చిన ఉపాయం మంచు. నౌక ముందు సగం స్పష్టంగా వేసి, వెనక సగాన్ని కాగితం తడిగా ఉండగానే బూడిద పొగమంచులోకి కలిపేస్తే లెక్కపెట్టాల్సినవి సగానికి తగ్గుతాయి. ఇక్కడ డబ్బాలో దొరికే పేన్స్ గ్రే కంటే అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపిన బూడిదే నాకిష్టం. అల్ట్రామెరీన్ గరుకు కాగితం గుంటల్లోకి రవ్వలుగా దిగుతుంది, సముద్రంలో నలిగిన ఉక్కులా కనిపిస్తుంది. తుప్పు విడిగా వేయక్కర్లేకుండా సియెన్నా అక్కడక్కడా తొంగిచూస్తుంది.

చరిత్ర లెక్కలో

ఇక్కడ మాత్రం తూకం ఉక్కు వైపు మొగ్గుతుందని అనుకుంటాం, ఫోటోలు ఉన్నాయి కదా. తెరచాపల కాలానికి అవి లేవు. డచ్ చిత్రకారుడు విల్లెం వాన్ డి వెల్డె (అదే పేరున్న తండ్రీకొడుకుల్లో తండ్రి) 1666లో ఇంగ్లీషు, డచ్ నౌకల మధ్య నాలుగు రోజుల యుద్ధం జరుగుతుంటే చిన్న పడవలో వెళ్లి స్కెచ్‌లు వేసుకొచ్చాడు. అలాంటివాళ్లు గీసినవీ, ఓడల నమూనాలూ, కట్టడపు ప్లాన్లూ మనకి దిక్కు.

కానీ ఫోటో కూడా అబద్ధం చెప్తుంది. పాతకాలపు ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు సరిగా అందదు, నల్లగా పడుతుంది. నీలమేమో తెల్లబారుతుంది. ఫోటోలో నల్లగా ఉందని నలుపు పూశామా, అసలుది ఎరుపు కావచ్చు. నౌకలు మారుతూ కూడా ఉంటాయి. లండన్‌లో మ్యూజియంగా ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక బెల్‌ఫాస్ట్ 1943 డిసెంబర్‌లో నార్వే ఉత్తరాన నార్త్ కేప్ యుద్ధంలో ఉంది. ఇప్పుడు దాని మీద కనిపించే జల్లెడ లాంటి స్తంభాలు 1950ల చివర్లో మార్పులు చేసినప్పుడు పెట్టినవి. ఈనాటి ఫోటో చూసి 1943 బొమ్మ వేస్తే స్తంభాలే పట్టిచ్చేస్తాయి. అందుకే ఉక్కు నౌక వేసేముందు పేరు కంటే సంవత్సరం ముందు రాసుకోవాలి.

తెరచాప ఓడల్లో తగువు రంగుల దగ్గర వస్తుంది. 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగి, 1961లో పైకి తీసిన స్వీడన్ ఓడ వాసా శిల్పాల వెనక నీలం ఉండేదని చాలాకాలం అనుకున్నారు. చెక్క మీద మిగిలిన రంగు పరీక్షిస్తే ఎరుపని తేలింది. విక్టరీకి దశాబ్దాలుగా ఉన్న పసుపు చారల్ని, పాత పొరలు పరిశీలించాక 2015లో కాస్త గులాబీ కలిసిన లేత రంగుకి మార్చారు. నా గోడ మీద విక్టరీ ఇంకా పసుపే. మళ్లీ వేసే ఓపిక లేదు.

దీనికంటే పెద్ద తప్పు ఒకటి చేశాను. అదే బొమ్మని సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరైన స్నేహితుడికి గర్వంగా చూపించా. చాలాసేపు చూసి అడిగారు.

“మాస్టారూ, ఓడ ఎటు పోతోంది?”

“అదేంటండీ, ముందుకే.”

“మరి తెరచాపల్ని నింపే గాలి వెనక నుంచి వస్తుంటే, జెండా వెనక్కి ఎగురుతోందేం? దానికి వేరే గాలి తెప్పించారా?”

ఆయన అన్నది నిజం. గాలి వెనక నుంచి వస్తే ఆ ఓడ జెండా ముందుకే ఎగరాలి. ఆవిరి నౌకకి ఈ గొడవ తక్కువ, ఎదురుగాలి తనే పుట్టించుకుంటుంది కాబట్టి జెండా, పొగ చాలాసార్లు వెనక్కే పోతాయి. అయితే తెరచాప ఓడల్లో ఇంకో సంగతి మనకి కలిసొస్తుంది. యుద్ధంలోకి దిగేటప్పుడు కింది పెద్ద తెరచాపల్ని సాధారణంగా పైకి చుట్టేసేవారు, నిప్పు అంటుకోకుండా, చూపుకి అడ్డం రాకుండా. మనకి ఆ మేరకి గుడ్డ తగ్గినట్టే.

ఎవరికి ఏది

చెయ్యి వణికేవాళ్లు, రంగు పారడం చూస్తూ కూర్చోవడం ఇష్టమైనవాళ్లు తెరచాపలతో మొదలుపెట్టండి. 300 జీఎస్ఎం మందంలో, కాస్త గరుకుగా ఉండే కోల్డ్ ప్రెస్ కాగితం చాలు. జీవితమంతా స్కేలూ పెన్సిలూ పట్టిన డ్రాఫ్ట్స్‌మన్‌లకి, ఇంజనీర్లకి మాత్రం ఈ సలహా వర్తించదు. వాళ్లకి ఉక్కే సుఖం, నున్నటి హాట్ ప్రెస్ కాగితం తీసుకోండి. శుక్లాల ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లు బూడిదరంగు నౌక సగంలో ఉండగా వెళ్లకండి. తిరిగొచ్చాక నీలాలు కొత్తగా కనిపిస్తాయి, రెండు సగాలూ రెండు నౌకల్లా ఉంటాయి.

రంగులంటే ఇష్టమై, ఉక్కే వేయాలనుకుంటే డాజిల్ నౌకలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో నార్మన్ విల్కిన్సన్ అనే ఓడల చిత్రకారుడి ఆలోచన అది. నౌకని దాచడానికి కాదు, ఎటు పోతోందో జలాంతర్గామి వాడికి అర్థం కాకుండా చేయడానికి అడ్డదిడ్డంగా చారలు పూశారు. ఆ చారల్లో మన వాష్ మచ్చలు కూడా కలిసిపోతాయి.

రెండు పడవల మీద కాళ్లు పెట్టాలనుకునేవాళ్లకి 1862 నాటి అమెరికా నౌక మానిటర్ ఉంది. ఇనప కవచం నౌకే, కానీ నీటికి అడుగున్నర ఎత్తులో పలకలాంటి డెక్, దాని మీద ఒక్కటే గుండ్రటి టరెట్. ఒక వాష్, ఒక గుడ్డు ఆకారం, మిగతాదంతా సముద్రం. ఈ వారం నా బల్ల మీద ఉన్నది అదే. సముద్రం ఆరింది, టరెట్ కుదిరింది. వెనక జెండా మాత్రం ఇంకా వేయలేదు, స్నేహితుడు ఆదివారం వస్తానన్నారు.