హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్: ఐడీ-11లో కడిగితే, రోడినాల్‌లో కడిగితే

ఇల్‌ఫర్డ్ సంస్థ 1989లో తెచ్చిన హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు-తెలుపు ఫిల్మ్‌ను చాలా కాలంగా వాడుతున్నాను గానీ, దానికి ఏ డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మ కనిపించేలా చేసే రసాయన ద్రావణం) బాగా నప్పుతుందని ఎవరైనా అడిగితే నలుగురూ చెప్పుకునే మాటనే తిరిగి చెప్పేవాణ్ణి. ఈసారి ఐడీ-11, రోడినాల్ అనే రెండు డెవలపర్లను పోల్చి, నా కళ్లతో చూసి తేల్చుకోవాలనుకున్నాను.

మబ్బు పట్టి వెలుతురు నిలకడగా ఉన్న రోజున, కిటికీ పక్కన ఒక తెల్ల గుడ్డ, వెనుక ముదురు రంగు ఉన్ని దుప్పటి, మధ్యలో కూర్చున్న మనిషి ముఖం ఉండేలా ఒకే దృశ్యాన్ని అమర్చుకుని, కెమెరాను స్టాండు మీద కదపకుండా 400, 250, 200 స్పీడ్లకు (ఈ అంకె తగ్గేకొద్దీ ఫిల్మ్ మీద ఎక్కువ వెలుతురు పడనిస్తాం) వరుసగా, రోలు అయిపోయేదాకా మళ్లీ మళ్లీ తీశాను. ఆ తరువాత చీకట్లో ఫిల్మ్‌ను మూడు ముక్కలు చేశాను. ఎక్కడ కత్తిరించినా ప్రతి ముక్కలోనూ ఆ మూడు ఎక్స్‌పోజర్లూ దొరకడం ఈ పద్ధతిలోని సౌకర్యం. మొదటి ముక్కను నీళ్లు కలపని ఐడీ-11లో ఏడున్నర నిమిషాలు, రెండోదాన్ని సమానంగా నీళ్లు కలిపిన ఐడీ-11లో 13 నిమిషాలు, మూడోదాన్ని 1+50 పాళ్లలో, అంటే ఒక వంతుకు యాభై వంతుల నీళ్లు కలిపిన రోడినాల్‌లో 11 నిమిషాలు కడిగాను. మూడింటికీ ఉష్ణోగ్రత 20 డిగ్రీలే. ప్రతి నిమిషం మొదటి పది సెకన్లలో ట్యాంకును నాలుగుసార్లు తలకిందులు చేయడం కూడా ఒకేలా పాటించాను.

నిజానికి ఇది రెండో ప్రయత్నం. మొదటిసారి రోడినాల్ కలిపిన నీళ్లు 23 డిగ్రీలు ఉన్న సంగతి గమనించక, నెగటివ్‌లు నల్లగా ముద్దకట్టినట్లు వస్తే ఆ తప్పును డెవలపర్ మీదికి నెట్టబోయాను. థర్మామీటర్ చూడకుండా చేసిన పోలికను పోలిక అనలేము.

ఆరిన నెగటివ్‌లను లైట్ బాక్స్ మీద పరిచి, భూతద్దంలో దుప్పటి మడత దగ్గర చూస్తే తేడా బయటపడింది. 400 స్పీడుకు తీసిన ఫ్రేములో రోడినాల్ ఆ మడతను దాదాపు ఖాళీగా వదిలేసింది. అక్కడ నేత లేదు, ఉన్ని లేదు, పారదర్శకమైన ఫిల్మ్ మాత్రమే ఉంది. నీళ్లు కలిపిన ఐడీ-11లో అదే చోట పడుగూ పేకా లీలగా కనిపిస్తున్నాయి, 250కి తీసిన ఫ్రేములో స్పష్టంగా తెలుస్తున్నాయి. రోడినాల్‌లో అంత వివరం రావాలంటే 200 స్పీడుకు దిగవలసి వచ్చింది.

ముఖం విషయానికి వస్తే, రోడినాల్‌లో చెంప మీద గ్రెయిన్, అంటే బొమ్మలో కనిపించే రేణువుల గరుకుదనం, ఇసుక చల్లినట్లు విడివిడిగా నిలబడింది, కనురెప్పల అంచులు మాత్రం కత్తితో గీసినంత పదునుగా ఉన్నాయి. నీళ్లు కలపని ఐడీ-11లో లీటరుకు 100 గ్రాముల సోడియం సల్ఫైట్ ఉంటుంది కనుక, అది వెండి రేణువుల అంచులను కొద్దిగా కరిగించి గ్రెయిన్‌ను మెత్తబరుస్తుంది. ఆ మెత్తదనం నాకు కొంచెం ఎక్కువే అనిపించింది. చర్మం నునుపుగా వచ్చినా కళ్లలో చురుకు తగ్గింది. సమానంగా నీళ్లు కలిపితే సల్ఫైట్ ప్రభావం తగ్గి పదును తిరిగి వస్తుంది, గ్రెయిన్ కూడా అదుపులోనే ఉంటుంది. మూడు ముక్కల్లో నాకు మనసుకు నచ్చినది ఇదే.

వాడకంలో సౌలభ్యం మాత్రం రోడినాల్‌దే. 1891 నుంచి నిలిచి ఉన్న ఈ ద్రావణం సీసాలో ఏళ్ల తరబడి పాడవదు, ఒక రోలుకు ఆరు మిల్లీలీటర్లను 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే చాలు. ఐడీ-11 పొడిని ఒకేసారి మొత్తం కలుపుకోవాలి. నిండు సీసాలో ఆరు నెలలు, సగం ఖాళీ అయితే నెల రోజులే నిల్వ ఉంటుంది. ఎప్పుడో ఒక రోలు కడిగేవారు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. అలాంటివారు రోడినాల్‌నే ఎంచుకునేటట్లయితే, దానికి హెచ్‌పీ5 కంటే సన్నని గ్రెయిన్ ఉన్న ఇల్‌ఫర్డ్ వారి మరో ఫిల్మ్ ఎఫ్‌పీ4 ప్లస్ మంచి జోడీ అని నా అభిప్రాయం.

హెచ్‌పీ5 వరకు నేను ఇకమీదట వెలుతురు కొలిచే మీటరును 250 స్పీడు మీద పెట్టి, సమానంగా నీళ్లు కలిపిన ఐడీ-11లోనే కడుగుతాను. ఎండ తీవ్రంగా ఉన్న రోజున తీసిన రోలయితే 13 నిమిషాలలో ఒక నిమిషం తగ్గిస్తాను.