సైన్యం ఖర్చుకు పార్లమెంటు కాపలా: సంతకానికి ముందు మేలా, తర్వాత మేలా?

బ్రిటన్ దిగువ సభ కామన్స్, ప్రభుత్వం అడిగిన పద్దులో చివరిసారి కోత పెట్టింది 1919లో. దేనికంటే, మంత్రివర్గంలోని లార్డ్ చాన్సలర్ గారికి రెండో స్నానాల గది కట్టించడానికి అడిగిన డబ్బుకి. ఆ తర్వాత వందేళ్లు దాటాయి. ప్రపంచ యుద్ధం వచ్చింది, అణు జలాంతర్గాములు వచ్చాయి, విమానవాహక నౌకలు వచ్చాయి, ఇరాక్, అఫ్గానిస్తాన్ వచ్చాయి. అడిగిన డబ్బంతా సభ ఇచ్చేసింది. స్నానాల గది దగ్గర పట్టుబట్టిన సభే జలాంతర్గాముల దగ్గర తలూపింది.

మన లోక్‌సభేమీ దీనికి తీసిపోదు. రక్షణ శాఖకి నాలుగు పద్దులుంటాయి: శాఖ సొంత ఖర్చు, దళాల రోజువారీ ఖర్చు, ఆయుధాల కొనుగోలుకి మూలధన వ్యయం, పింఛన్లు. 2025-26లో అన్నీ కలిపి రూ.6.81 లక్షల కోట్లు. ఏ ఏడాదైనా చర్చకు ఎంచుకున్న శాఖల్లో రక్షణ లేకపోతే, గడువు చివరి రోజున సభాపతి గిలటిన్ వేస్తారు. మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండా ఒక్కసారిగా గట్టెక్కుతాయి. 2018 మార్చిలో, మళ్లీ 2023 మార్చిలో మొత్తం బడ్జెట్టే అలా గట్టెక్కింది.

నచ్చని ఎంపీ కోత తీర్మానం ఇవ్వొచ్చు. అందులో ఒక రకం, పద్దులోంచి వంద రూపాయలు తగ్గించమని అడిగేది. లక్షల కోట్లలో వంద రూపాయలు! నిరసన తెలపడానికి పెట్టుకున్న పద్ధతిలెండి. కానీ ఆ వంద రూపాయల తీర్మానం నెగ్గినా ప్రభుత్వం మీద సభకు నమ్మకం పోయినట్టే లెక్క. అందుకే పాలక పక్షం విప్ జారీ చేస్తుంది, తీర్మానం వీగిపోతుంది.

అసలు ముడి ఇక్కడుంది. ప్రభుత్వాన్ని పడగొట్టకుండా ప్రభుత్వానికి "కాదు" అని చెప్పగలిగే చోటు సభ్యుడికి ఉందా? సైన్యం ఖర్చు మీద పార్లమెంటు నిఘా గురించి ఎంత చెప్పుకున్నా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తాం. ఒక్కో దేశం దీనికి ఒక్కో జవాబు వెతుక్కుంది.

మన జవాబు స్థాయీ సంఘం. 1993లో శాఖలవారీ స్థాయీ సంఘాలు పెట్టారు. రక్షణ సంఘంలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులకు చోటు లేదు. సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి కాబట్టి కెమెరా కోసం అరిచే పనుండదు, పార్టీ రంగు కాస్త వెలిసిపోతుంది. ఈ సంఘం నిజంగా ఏం చేయగలదో 2018 మార్చి నివేదిక చూస్తే తెలుస్తుంది. అధ్యక్షుడు మేజర్ జనరల్ బి.సి. ఖండూరి, పాలక పక్షం ఎంపీయే. ఉప సైన్యాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ ఆ సంఘం ముందుకొచ్చి, మన దగ్గరున్న సామగ్రిలో 68 శాతం పాతబడిందనీ, అత్యాధునికం అనదగ్గది 8 శాతమేననీ చెప్పారు. అంతకంటే గుచ్చుకునే లెక్క ఇంకోటి ఇచ్చారు. సైన్యం ఆధునికీకరణకు ఆ ఏడాది ఇచ్చింది రూ.21,338 కోట్లు. అప్పటికే సంతకాలైన ఒప్పందాలకు కట్టాల్సిన వాయిదాలే రూ.29,033 కోట్లు. జీతం పాత అప్పుల వాయిదాలకే చాలనివాడు కొత్త బండి కొనడమెలాగో మీరే ఆలోచించండి.

ఈ నిజం ప్రతిపక్షం సభలో ఎంత గొడవ చేసినా బయటికి వచ్చేది కాదు. ఒక జనరల్ ఒక సంఘం ముందు కూర్చుని, అడిగితే చెప్పాడు కాబట్టి వచ్చింది. ఆ తర్వాత? సంఘం సిఫారసులు సలహాలు మాత్రమే. ప్రభుత్వం కొన్నిటిని ఒప్పుకుంటుంది, కొన్నిటికి "పరిశీలిస్తున్నాం" అని రాస్తుంది. తీసుకున్న చర్యల మీద సంఘం ఇంకో నివేదిక ఇస్తుంది. సంఘం పదవీకాలం ఏడాదే. సభ్యుడు టార్పెడోకీ క్షిపణికీ తేడా నేర్చుకునేలోగా సంఘం మారిపోవచ్చు.

బ్రిటన్ కామన్స్ రక్షణ కమిటీ 1979 నుంచి ఉంది. 2010 నుంచి దాని అధ్యక్షుణ్ని సభ మొత్తం ఓటేసి ఎన్నుకుంటోంది, పార్టీ నాయకుల చేతిలో లేదు. విచారణలు చాలావరకు బహిరంగంగా జరుగుతాయి. ఇది మనకంటే మేలు, సందేహం లేదు. కానీ అజాక్స్ సాయుధ వాహనాల కథ చూడండి. 2014లో 589 వాహనాలకు ఒప్పందం కుదిరింది. నడిపి చూసిన సైనికులకు చప్పుడు వల్ల, అదురు వల్ల చెవులు, కీళ్లు దెబ్బతిన్నాయి. జాతీయ ఆడిట్ కార్యాలయం 2022 మార్చిలో లెక్క తీసేసరికి 320 కోట్ల పౌండ్లు చెల్లించేశారు, చేతికొచ్చినవి 26 వాహనాలు. కమిటీలు మంత్రులను, అధికారులను పిలిచి బాగానే ఉతికారేశాయి. డబ్బు మాత్రం అప్పటికే గడప దాటింది.

ఖర్చయ్యాక లెక్క చూసే పనికి మన దగ్గర కాగ్, దాని నివేదికలు పరిశీలించడానికి ప్రజా పద్దుల సంఘం ఉన్నాయి. 1967 నుంచి ఆ సంఘం అధ్యక్ష పీఠం ప్రతిపక్షానికే ఇస్తున్నారు, మంచి ఆచారం. కాగ్ తవ్వకం నాకు ఎప్పుడూ ఇష్టమే. 2017 జులైలో డోక్లాంలో భారత, చైనా సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డ రోజుల్లో వచ్చిన నివేదిక, మందుగుండులో 152 రకాలకు గాను 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా చాలవని చెప్పింది. తర్వాత కాగ్, రక్షణ శాఖ మీద ఇచ్చే నివేదికలను తన వెబ్‌సైటులో పెట్టడం మానేసింది. 2019 ఫిబ్రవరిలో రఫేల్ నివేదిక వచ్చింది. 36 విమానాల బేరం పాత బేరం కంటే 2.86 శాతం చవక అని రాశారు, ధరలు మాత్రం నల్లగా కొట్టేశారు. శాతం తెలుసు, దేని మీద శాతమో తెలియదు. ఇంతకంటే ముఖ్యమైన లోటు, ఇదంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. దొంగను పట్టుకోవడానికి ఆడిట్ పనికొస్తుంది, తప్పుడు బేరాన్ని ఆపడానికి పనికిరాదు.

అమెరికా దారి వేరు. అధ్యక్షుడు అక్కడి పార్లమెంటయిన కాంగ్రెస్ మద్దతు మీద నిలబడడు కాబట్టి, కాంగ్రెస్ బడ్జెట్‌ను చీల్చి మళ్లీ కుట్టినా ఎవరూ పడిపోరు. సైన్యానికి రెండేళ్లకు మించి ఒకేసారి డబ్బు కేటాయించకూడదని రాజ్యాంగమే కట్టడి పెట్టింది. 1961 నుంచి ఏటా రక్షణ అధికార బిల్లు వస్తోంది. దేనికి అనుమతి అన్నది ఒక చట్టం చెబుతుంది, ఎంత డబ్బు అన్నది ఇంకో చట్టం చెబుతుంది, రెండింటికీ వేర్వేరు కమిటీలు. 1941లో మిస్సోరీ సెనేటర్ హ్యారీ ట్రూమన్, సైనిక శిబిరాల నిర్మాణంలో డబ్బు తగలేస్తున్నారని ఉత్తరాలు వస్తుంటే, సొంత కారు వేసుకుని శిబిరాలు చుట్టి వచ్చాడు. ఖర్చు ఎంత పెరిగితే కాంట్రాక్టరుకి లాభం అంత పెరిగేలా ఒప్పందాలున్నాయని కళ్లారా చూశాడు. 15,000 డాలర్లతో మొదలైన ఆయన కమిటీ, యుద్ధం నడుస్తుండగానే, వందల కోట్ల డాలర్లు ఆదా చేయించింది. యుద్ధ సమయంలో ప్రశ్నలడిగితే దేశద్రోహం అనేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మరి అదే మేలా? ఆగండి. కోసే కత్తే కలిపే గరిటె కూడా అక్కడ. 2012లో అమెరికా సైన్యాధిపతి రేమండ్ ఒడియెర్నో, ఏబ్రమ్స్ ట్యాంకులు మాకిప్పుడొద్దు, ఆ డబ్బు వేరే చోట వాడుకుంటాం అన్నాడు. ఆ ట్యాంకుల కర్మాగారం ఒహాయోలోని లైమాలో ఉంది, విడిభాగాల సరఫరాదారులు ఎన్నో రాష్ట్రాల్లో ఉన్నారు. ఇరు పార్టీల సభ్యులు 173 మంది పని ఆపొద్దని లేఖ రాశారు. కాంగ్రెస్ డబ్బిచ్చింది. సైన్యం వద్దంటే సభ కొనిపెట్టింది! మన రాజ్యాంగం 113వ అధికరణం ప్రకారం లోక్‌సభ పద్దును ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు, పెంచడానికి మాత్రం వీల్లేదు. లైమా కథ చదివాక ఆ గీత గీసినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. ఇంత అధికారం ఉన్న కాంగ్రెస్ కళ్ల ముందే రక్షణ శాఖ పెంటగాన్ 2018లో మొదలుపెట్టిన పూర్తి ఆడిట్‌లో ఏటా తప్పుతూ వస్తోంది.

అయినా అమెరికా నుంచి ఒకటి మాత్రం అరువు తెచ్చుకోవాలి. 1982లో వచ్చిన నన్-మెక్‌కర్డీ నిబంధన. ఆయుధం ఒక్కోదాని ఖర్చు అంచనా కంటే 15 శాతం పెరిగితే కాంగ్రెస్‌కు చెప్పాలి. 25 శాతం దాటితే పథకం రద్దయినట్టే, రక్షణ మంత్రి ఇది తప్పనిసరి అని కారణాలతో రాసిస్తే తప్ప. 2024లో సెంటినెల్ క్షిపణి పథకం 81 శాతం పెరిగి 14,090 కోట్ల డాలర్లకు చేరింది. మంత్రి తరఫున శాఖ ఉన్నతాధికారి రాసిచ్చాడు, పథకం బతికింది. గంట మోగినా ఇల్లు ఖాళీ చేయలేదన్నమాట. కానీ మోగింది, అందరికీ వినపడింది, జవాబు కాగితం మీదుంది. కొన్ని దేశాల్లో ఖర్చు రెట్టింపైన సంగతి పదేళ్ల తర్వాత ఆడిటరు చెబితే గానీ తెలియదు.

జర్మనీ ముడి విప్పిన తీరు నాకు అన్నిటికంటే నచ్చుతుంది. టోర్నడో యుద్ధవిమానం ఖర్చు చేయి దాటిపోయిన చేదు అనుభవంతో 1981లో ఒక పద్ధతి మొదలైంది. 5 కోట్ల మార్కులు దాటిన ప్రతి సైనిక కొనుగోలూ, సంతకానికి ముందే, జర్మనీ పార్లమెంటు బుండెస్టాగ్ బడ్జెట్ కమిటీ ముందుకి రావాలి. మార్కు పోయి యూరో వచ్చాక ఆ గీత 2.5 కోట్ల యూరోలైంది. బడ్జెట్‌లో డబ్బు ఇచ్చేశాం కదా అని శాఖ నేరుగా వెళ్లి కొనలేదు. ఒక ఒప్పందాన్ని వెనక్కి పంపితే ప్రభుత్వాధినేత అయిన చాన్సలర్ పడిపోడు కాబట్టి, పాలక పక్ష సభ్యుడు కూడా "దీని ధర నాకు నచ్చలేదు, ఇంకోసారి బేరమాడి రండి" అనగలడు. రహస్య పత్రాలకు పార్లమెంటులోనే ప్రత్యేకమైన గది ఉంది, అక్కడికెళ్లి చదువుకోవాలి. గోప్యం, నిఘా ఒకే కప్పు కింద ఇమడవనేవాళ్లు ఆ గదిని చూడాలి.

దీనికీ లోపాలున్నాయి. గీత అప్పుడెప్పుడో గీసింది, ఆయుధాల ధరలు ఆకాశంలో ఉన్నాయి. దాంతో చిన్నాచితకా ఒప్పందాలు కూడా క్యూ కడతాయి. 2024లో ఇలాంటి ఫైళ్లు 97 వచ్చాయి. తొంభై ఏడు ఒప్పందాలు ఒక కమిటీ నిజంగా చదువుతుందా? నాకనుమానమే. ముందస్తు అనుమతి ఉన్నా యూరో హాక్ నిఘా డ్రోన్ మునిగింది: పౌర గగనతలంలో ఎగరడానికి ధ్రువీకరణ దొరకదని తేలి, 50 కోట్ల యూరోలకు పైగా పోశాక 2013లో ఆపేశారు. అయితే అక్కడ రక్షణ కమిటీ తనంత తానే విచారణ కమిటీగా మారగలదు. నాలుగో వంతు సభ్యులు అడిగితే మారి తీరాలి, అది రాజ్యాంగంలోనే రాసుంది. అంటే ప్రతిపక్షానికి పాలక పక్షం దయ అక్కర్లేదు. ఆ ఏడాది వేసవిలోనే విచారణ జరిగింది.

సైన్యాన్ని యుద్ధానికి పంపే విషయంలోనూ జర్మనీదే పైచేయి. 1994లో రాజ్యాంగ న్యాయస్థానం సాయుధ మోహరింపుకు బుండెస్టాగ్ అనుమతి తప్పదంది. ఎంతమంది, ఎన్నాళ్లు, ఎంత ఖర్చు అన్నది ప్రభుత్వం ముందే రాసివ్వాలి. బ్రిటన్‌లో 2013 ఆగస్టులో సిరియా మీద దాడి తీర్మానం 285-272తో ఓడిపోయింది. సభ గెలిచిందని అందరూ పొంగిపోయారు. 2018 ఏప్రిల్‌లో ప్రధాని ఓటు అడక్కుండానే దాడి చేయించారు. ఆచారానికీ చట్టానికీ తేడా అదీ.

పార్లమెంటరీ వ్యవస్థ ఉన్న దేశానికి ఏది మేలంటే, నా ఓటు జర్మనీ పద్ధతికి, గీత పైకి జరిపి. ఏడాదికి ఇరవై ముప్పై పెద్ద ఒప్పందాలు మాత్రమే కమిటీ ముందుకి రావాలి, ఒక్కోదానికి చదివే వ్యవధి ఉండాలి, సభ్యులకు సొంత నిపుణులుండాలి. అమెరికా అధికారం మొత్తం తెచ్చుకుంటే లైమా కూడా వెంట వస్తుంది. అది అధ్యక్ష వ్యవస్థకే సరి. సలహా కమిటీలను తీసేయమని కాదు. ఖండూరి సంఘంలాంటివి లేకపోతే జనరళ్లు నోరు విప్పే చోటే ఉండదు. కాకపోతే ఒక జనరల్ చెప్పిన నిజం విన్నవాళ్ల చేతిలో, తర్వాతి ఒప్పందాన్ని ఆపే అధికారం కూడా ఉండాలి.

రాజ్యాంగం మార్చాలి, ఏకాభిప్రాయం కావాలి అని ఇదంతా వాయిదా వేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. వాళ్లకి ఖర్చు గంట ఒక్కటి చాలు మొదలుపెట్టడానికి. దానికి ఎవరి అధికారమూ తగ్గించక్కర్లేదు. ఫలానా ఆయుధం అంచనా ఇంత, ఈ ఏడాది ఇంత, పెరిగింది ఇంత శాతం, కారణం ఇది. ఒక పేజీ, కింద మంత్రి సంతకం.