ఆరేళ్ల పాపతో మ్యూల్ డీర్ వేట: క్రెమ్లింగ్‌లో ఐదు రాత్రులు

నిరుడు నవంబరులో నేను, నా భార్య, మా ఆరేళ్ల పాప కొలరాడో రాష్ట్రంలోని క్రెమ్లింగ్ అనే చిన్న ఊళ్లో ఐదు రాత్రులు బస చేసి, మ్యూల్ డీర్ అనే జింక వేట ముగించుకొని వచ్చాం. డెన్వర్ శివార్లలో మాకు తెలిసిన తెలుగు కుటుంబాలలో కొందరికి వేట అన్న మాటే ఎబ్బెట్టుగా తోచింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పుట్టిన మన తరానికి వేట అంటే నేరమనే తెలుసు కనుక అందులో ఆశ్చర్యం లేదు. తక్కినవారు మాత్రం అంత చలిలో పసిపిల్లను ఎక్కడ ఉంచారు, ఏం తినిపించారు, తుపాకీ మోత వినిపించకుండా ఏం చేశారు అని అడిగారు. వారి కోసమే ఈ వివరాలు.

మ్యూల్ డీర్‌కు ఆ పేరు చెవుల వల్ల వచ్చింది. మ్యూల్ అంటే కంచరగాడిద. తోక కొస నల్లగా ఉంటుంది, మగదాని కొమ్ము రెండుగా చీలి ఆ రెండూ మళ్లీ రెండేసిగా చీలుతాయి, బెదిరినప్పుడు నాలుగు కాళ్లూ ఒక్కసారే నేలను తన్ని బంతిలా ఎగిరెగిరి పోతుంది. వేసవిలో ఎత్తయిన కొండలమీద మేసి, మంచు పడే కొద్దీ సేజ్ బ్రష్ పొదలున్న దిగువ నేలలకు దిగివస్తుంది. మా ప్రణాళిక అంతా ఈ దిగివచ్చే అలవాటు మీదే ఆధారపడింది, ఎందుకంటే ఆరేళ్ల పిల్ల కొండ ఎక్కదు. జింకే కిందికి రావాలి.

కొలరాడోలో ఈ జింకకు లైసెన్సు దుకాణంలో అడగగానే దొరికేది కాదు, లాటరీ పద్ధతిలో వస్తుంది. రాష్ట్ర పార్కులు, వన్యప్రాణి శాఖ వారికి ఏప్రిల్ మొదటి మంగళవారం లోపు దరఖాస్తు చేయాలి. దొరకని ఏటికి ఒక ప్రాధాన్య పాయింటు జమ అవుతుంది. 1949 జనవరి 1 నాడు గాని ఆ తరువాత గాని పుట్టినవారు వేట భద్రతా శిక్షణ పూర్తి చేసి ఉండాలి. పెద్ద జంతువుల వేటకు కనీస వయసు 12 ఏళ్లు కాబట్టి మా పాప చూడడానికే వచ్చింది. ఆడజింక లైసెన్సు అయితే పాయింట్లు లేకుండానే వచ్చేదేమో గాని, "అది అమ్మ జింకా నాన్నా?" అన్న ప్రశ్నకు కొండమీద నిలబడి జవాబు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది; అందుకని నా పాయింట్లు ఖర్చు పెట్టి మగజింకకే అడిగాను. హెచ్-1బి మీద ఉన్న మిత్రులకు ఒక మాట: వలసేతర వీసా గలవారు తుపాకీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది, చెల్లుబాటు అయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నా, న్యాయవాదిని అడగకుండా ముందుకు పోవద్దు.

రైఫిల్ వేటకు నాలుగు విడతలు ఉన్నాయి. మొదటిది పెద్ద దుప్పిజాతి జంతువులైన ఎల్క్‌లకే కాబట్టి మాకు ప్రధానంగా అక్టోబరు చివరలో వచ్చే రెండోది, నవంబరులో వచ్చే మూడోది మిగిలాయి. పిల్ల ఉంది గనుక వెచ్చగా ఉండే రెండో విడతే మేలని అందరూ చెప్పారు. నేను మూడోదే ఎంచుకున్నాను, దానికి కారణాలు రెండు. ఒకటి, అప్పటికి జోడు కట్టే కాలం దగ్గరపడి మగజింకలు జాగ్రత్త మరచి దిగువ పొదల్లో తిరుగుతుంటాయి. రెండోది గడియారం: నవంబరు మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి సాయంత్రం ఐదు కాకముందే పొద్దుగూకుతుంది. సూర్యాస్తమయం దాటిన అరగంటకు వేట ఆపాలని చట్టం, అంటే పాప అన్నం వేళకు అందరం గదిలో ఉంటాం. దీనిని నేను ఇప్పటికీ మా మంచి నిర్ణయంగా లెక్కిస్తాను.

స్థలం విషయంలో మూడు ఊళ్లు తూచి చూశాం. పెద్ద కొమ్ముల జింకలకు గన్నిసన్ లోయకు పేరుంది, కాని అక్కడి లైసెన్సుకు ఏళ్ల తరబడి పాయింట్లు కూడబెట్టాలి, దారిలో 11,312 అడుగుల మోనార్క్ కనుమ దాటాలి. చలి విషయంలో ఆ లోయ దేశంలోనే పేరుమోసింది. వాయవ్యాన ఉన్న క్రెగ్ పట్టణం ఎల్క్ వేటకు రాజధానినని చెప్పుకుంటుంది, బసలూ వేటగాళ్లకు కావలసిన దుకాణాలూ పుష్కలం. అయితే 2022-23 చలికాలం ఆ ప్రాంతపు జింకల మందలను తీవ్రంగా దెబ్బతీయడంతో శాఖ వారు లైసెన్సులను బాగా తగ్గించారు; పైగా డెన్వర్ నుంచి ప్రయాణం దాదాపు నాలుగు గంటలు. క్రెమ్లింగ్ అయితే సుమారు 100 మైళ్లే. ఊరు 7,300 అడుగుల ఎత్తులో ఉంది, చుట్టూ భూ నిర్వహణ సంస్థ చేతిలోని ప్రభుత్వ భూములు ఉన్నాయి, ఊళ్లో ఆసుపత్రి ఉంది. గన్నిసన్‌లో దొరికేంత కొమ్ములు ఇక్కడ దొరకవని తెలిసే వెళ్లాం. పిల్లతో వెళ్లేవారు బండి నుంచి కూర్చునే చోటుకు ఎన్ని అడుగులు, అక్కడి నుంచి వెచ్చని గదికి ఎన్ని నిమిషాలు అని ముందుగా కొలవాలి. కొమ్ముల కొలత ఆ తరువాతి సంగతి.

బస కోసం ముందు సిల్వర్‌థోర్న్ చూశాం. మంచి హోటళ్లు, ఈత కొలనులు ఉన్నాయి గాని ఊరు 8,700 అడుగులకు పైన ఉంది, అక్కడి నుంచి వేట స్థలానికి చీకట్లో 9వ నంబరు రహదారి మీద 40 మైళ్లకు అటూ ఇటూ నడపాలి. గుడారం మాట ఎత్తగానే నా భార్య వద్దంది, ఆమె మాటే సరైనది. మాకు రాత్రిళ్లు సున్నా సెల్సియస్‌కు బాగా దిగువన గడిచాయి. చివరకు క్రెమ్లింగ్‌లోనే చిన్న వంటగది ఉన్న మోటెల్ గది తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, బూట్లు ఆరబెట్టుకోవడానికి గుమ్మం దగ్గర చోటు ఉంది. హీటర్ మాత్రం రాత్రంతా రైలింజనులా మోగింది. మాంసం పెట్టుకోవడానికి ఫ్రీజరు ఉందని ఫోనులో చెప్పినవారు, వెళ్లాక దాన్ని వేరొకరికి ఇచ్చామన్నారు. అలాంటి హామీలను రాతపూర్వకంగా తీసుకోవాలని అప్పుడు తెలిసింది. తుపాకీ తాళం వేసిన పెట్టెలో, తూటాలు మరో పెట్టెలో, రెండు తాళంచెవులూ నా మెడలో ఉండేవి. పిల్లలకు అందే చోట తుపాకీ ఉంచకూడదని 2021 నుంచి రాష్ట్ర చట్టమే చెబుతోంది.

గైడ్‌ల విషయం త్వరగా తేలిపోయింది. నేను ఫోను చేసిన ముగ్గురిలో ఇద్దరు పన్నెండేళ్ల లోపు పిల్లలను రానివ్వమన్నారు, మూడోవారు అడిగిన రుసుము మా ప్రయాణం మొత్తం ఖర్చుకు నాలుగింతలు.

సన్నాహంలో అన్నిటికంటే ఉపయోగపడింది డెన్వర్ పక్కనే ఉన్న రాకీ మౌంటెన్ ఆర్సెనల్ వన్యప్రాణి ఆశ్రయం. 11 మైళ్ల దారిలో కారు దిగకుండానే అడవిదున్నలనూ మ్యూల్ డీర్‌నూ చూడవచ్చు. అక్టోబరులో మూడు ఆదివారాలు అక్కడికి వెళ్లి, బైనాక్యులర్స్‌తో జింకను వెతకడం, గుసగుసగా మాట్లాడడం పాపకు ఆటగా నేర్పాం. ఎంతసేపు కదలకుండా కూర్చోగలదో అప్పుడే తెలిసింది: నలభై నిమిషాలు, తినడానికి ఏదైనా ఉంటే గంట. తినుబండారాలలో జంతికలు వద్దు, ఆ కరకర నిశ్శబ్దమైన లోయలో ఎంత దూరం వినిపిస్తుందో ఆశ్చర్యం వేస్తుంది. సున్నుండలు, మెత్తని చపాతీ చుట్టలు, ఫ్లాస్కులో వేడి పాలు సరిపోయాయి. వేటగాడు 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు బట్ట, తలపై అదే రంగు టోపీ ధరించాలి. వెంట వచ్చేవారికి చట్టం ఆ నిబంధన పెట్టకపోయినా మేము ముగ్గురం వేసుకున్నాం, పాప గులాబీ రంగే కావాలంది. చలికి నూలు బట్ట పనికిరాదు, చెమటకు తడిసి మరింత వణికిస్తుంది. ఒంటికి ఉన్నిదే ఉండాలి. తూటాల విషయంలో సీసానికి బదులు పూర్తిగా రాగితో చేసినవి కొన్నాను. సీసపు తూటా తగిలినచోట కంటికి కనబడని తునకలు మాంసంలో చెదురుతాయి, సీసం పసిపిల్లలకు మరీ హానికరం.

శుక్రవారం మధ్యాహ్నమే బయలుదేరి, సాయంత్రపు రద్దీకి ముందే ఐసెన్‌హవర్ సొరంగం దాటాం. సిల్వర్‌థోర్న్ దాటాక 9వ నంబరు రహదారి మీద వన్యప్రాణుల కోసం కట్టిన దాటుదారులు కనిపిస్తాయి. 2016లో పూర్తయిన ఆ పనిలో రెండు పైవంతెనలు, ఐదు కిందిదారులు ఉన్నాయి. కంచెతో కలిసి అవి వాహనాలు జంతువులను ఢీకొనడాన్ని దాదాపు తొంభై శాతం తగ్గించాయి. జింకలకు వంతెన కట్టారనగానే పాప దాని మీదికి వెళ్దామని పట్టుబట్టింది, అది జింకలకేనని నచ్చజెప్పడానికి పది మైళ్లు పట్టింది.

శనివారం తెల్లవారుజామున నేనొక్కడినే వెళ్లాను. మొదటి ఉదయం ప్రతి మలుపులోనూ ఒక పికప్ ట్రక్కు ఉంటుంది, అంతమంది తుపాకుల మధ్యకు పిల్లను తీసుకురావడం నాకు ఇష్టం లేదు. మా పద్ధతి ఇలా సాగింది: ఉదయం నేను ఒంటరిగా, మధ్యాహ్నం మూడింటి నుంచి ముగ్గురం కలిసి. వుల్ఫర్డ్ మౌంటెన్ జలాశయం పైన రోడ్డుకు నాలుగు వందల అడుగుల దూరంలో ఒక మెరక మీద చాప పరచి కూర్చునేవాళ్లం. తూర్పున 2020లో ఈస్ట్ ట్రబుల్సమ్ కార్చిచ్చుకు కాలిన అడవి వైపు వెళ్లలేదు. అక్కడ నిలువునా ఎండిన చెట్లు గాలికి ఎప్పుడు విరిగిపడతాయో తెలియదు. ప్రైవేటు భూమికి కంచె గాని పలక గాని ఉండాలన్న నియమం ఇక్కడ లేదు, హద్దు తెలుసుకోవడం వేటగాడి బాధ్యతే కనుక ఫోనులో హద్దుల మ్యాపు తప్పనిసరి. మధ్యాహ్నం మంచు కరిగితే ఆ మట్టి దారులు మా పల్నాడు నల్లరేగడిని గుర్తుకు తెస్తాయి, ఒకసారి చక్రం దిగితే బయటికి రాదు. అందుకని నేల గట్టిపడిన వేళల్లోనే దారి దిగేవాళ్లం.

సోమవారం సాయంత్రం రెండు చీలికల కొమ్ములున్న పడుచు మగజింక 180 గజాల దూరానికి వచ్చి పక్కకు తిరిగి నిలబడింది. నేను రైఫిల్ ఆనించి వెనక్కి చూస్తే పాప మోత వినబడకుండా పెట్టిన చెవి కప్పులు తీసి ఒళ్లో పెట్టుకొని ఉంది, దురద పెట్టిందట. రైఫిల్ మోత ఒక్కసారికే పసి చెవిని శాశ్వతంగా దెబ్బతీయగలదు. నా భార్య సైగ చేసి వాటిని మళ్లీ తగిలించేలోగా జింక పొదల్లో కలిసిపోయింది. నాకు విసుగు రాలేదంటే అబద్ధం. తప్పు మాత్రం నాదే. ఇంటి దగ్గర ఆ కప్పులను పాపకు పది నిమిషాలకు మించి అలవాటు చేయలేదు.

మంగళవారం ఉదయం, నేను ఒంటరిగా ఉన్నప్పుడు, అంతకంటే కాస్త పెద్దది దొరికింది. లైసెన్సు చీటీ అయిన ట్యాగు మీద తేదీ, సంతకం వేశాక గదికి వెళ్లి ఇద్దరినీ తీసుకొచ్చాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాం. పాప కాసేపు తల్లి వెనుక నిలబడి, తరువాత దగ్గరికి వచ్చి చెవి ముట్టుకొని, "ఇంకా వెచ్చగా ఉంది నాన్నా" అంది. పొట్ట చీల్చినప్పుడు అది ఏం తిన్నదో చూపించమంది; సేజ్ ఆకుల ఘాటైన వాసనకు ముక్కు మూసుకుంది. పల్చని మంచు మీద మాంసాన్ని బండి దాకా లాగింది పాప ఆడుకునే ప్లాస్టిక్ స్లెడ్డే. మగజింక అని తెలిపే భాగాన్ని కళేబరం నుంచి వేరు చేయకూడదన్న నియమం ఉంది, కత్తి పట్టేముందు దాన్ని గుర్తుంచుకోవాలి.

మాంసం కోసి పొట్లాలు కట్టి ఇచ్చే దుకాణాల్లో మొదటిది అప్పటికే నిండిపోయిందని తిప్పిపంపింది. రెండోచోట తీసుకున్నారు, పని శుభ్రంగా చేశారు, ప్రతి పొట్లం మీద కోత పేరూ తేదీ రాశారు; కాని ఇతరుల మాంసంతో కలపకుండా మాదే మాకు ఇస్తారా అని వెళ్లిన రోజే అడిగి తెలుసుకోవాలి. తలను శాఖ వారి పరీక్ష కేంద్రంలో అప్పగించాం. జింకలకు సోకే క్రానిక్ వేస్టింగ్ వ్యాధిని 1967లో మొదట గుర్తించింది ఈ రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్‌లోనే. అది మనుషులకు సోకిన దాఖలా లేకపోయినా, వ్యాధి ఉన్న జింక మాంసం తినవద్దని ఆరోగ్య సంస్థల సలహా. పిల్ల ఉన్న ఇంట్లో ఫలితం రాకుండా పొయ్యి మీద గిన్నె పెట్టకూడదని ఇద్దరం అనుకున్నాం.

ఫలితం రావడానికి రెండు వారాలకు పైగా పట్టింది, వ్యాధి లేదని తేలింది. ఆ రాత్రి మిరియాల వేపుడు చేశాం. పాప రెండు ముక్కలు తిని, ఇది మేకలా లేదు, కోడిలా లేదు అని తీర్పు చెప్పి, పెరుగన్నం అడిగింది.