యుద్ధం చూసొచ్చినోళ్ళకి ఏది మేలు: నలుగురిలో కూర్చోవడమా, ఒక్కరితో చెప్పుకోవడమా?

2022 మార్చిలో మా పిన్ని కూతురు యుద్ధం నడుస్తున్న ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి ఇంటికొచ్చింది, అక్కడ మెడిసిన్ మూడో ఏడు. వచ్చిన సాయంత్రానికే హాలు నిండా చుట్టాలు, బంకర్లో ఏం తిన్నారమ్మా, బాంబు ఎంత దూరంలో పడింది, శవాలు చూశావా అని ఒకటే ప్రశ్నలు. పాపం చెప్తూనే ఉంది, ఇంతలో లోపల కుక్కర్ విజిల్ వేసింది, అంతే, సోఫా పక్కన నేల మీద ముడుచుకుని కూర్చుండిపోయింది. మాకెవరికీ ఏం చెయ్యాలో తోచలేదు.

తర్వాత చదివితే తెలిసింది, మేం చేసిందే తప్పని. జరిగిందంతా ఒక్క సిట్టింగ్‌లో కక్కించెయ్యడం ఒకప్పుడు నిపుణులూ చేసేవాళ్ళట, డీబ్రీఫింగ్ అంటారు, దాంతో లాభం లేదని తేలాక డబ్ల్యూహెచ్‌వో కూడా వద్దనేసింది. సో అది లిస్టులోంచి అవుట్.

ఇక అసలు పోటీ రెండింటి మధ్యే. మొదటిది, నలుగురిలో కూర్చునేది, ఆఫ్రికాలోని రువాండాది. 1994లో వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపేశారు, చంపినోళ్ళలో ఇరుగుపొరుగే బోలెడంత మంది, జైలు నుంచి వదిలాక వాళ్ళొచ్చేది కూడా మళ్ళీ ఆ ఊరికే. ఆ బాధకి అక్కడి జనం వాడే మాట ఇహహముక, అంటే భయానికి ఊపిరితిత్తులు బయటికొచ్చేసినట్టు ఊపిరాడకపోవడం. 2005లో ఆ దేశంలో ఉత్తరాన బ్యుంబాలో సోషియోథెరపీ, అంటే గుంపుగా కూర్చుని ఒకరికొకరు ఆసరా అయ్యే పద్ధతి, మొదలెట్టారు: పది పదిహేను మంది, వారానికోసారి మూడేసి గంటలు, 15 వారాలు, నడిపేది డాక్టర్లు కాదు, ట్రైనింగ్ తీసుకున్న ఆ ఊరి మనుషులే ఇద్దరు. గుంపులో బతికి బయటపడ్డవాళ్ళూ ఉంటారు, జైలు కెళ్ళొచ్చినవాళ్ళూ ఉంటారు. నాకు బాగా నచ్చింది ఆ వరస, ముందు భద్రత, తర్వాత నమ్మకం, ఆదరణ, గౌరవం, కొత్త బతుకు, జ్ఞాపకాల దగ్గరికి వచ్చేది అన్నిటికన్నా చివర్లో. మేం మొదటి రోజే అడిగిన ప్రశ్నలన్నమాట!

రెండోది, ఒక్కరితో చెప్పుకునేది, పాకిస్తాన్‌లోని పెషావర్‌లో చేసి చూసింది, పేరు ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్. వారానికొకటి చొప్పున ఐదే సిట్టింగులు, ఒక్కోటి గంటన్నర, ఎదురుగా కూర్చునేది మామూలు ఆరోగ్య కార్యకర్త. ఊపిరి నెమ్మదిగా తియ్యడం, తను తీర్చుకోగలిగే సమస్యని విడదీసి చూసుకోవడం, ఆపేసిన పనుల్లో ఒకటి మళ్ళీ మొదలెట్టడం, ఎవరి సాయం అడగొచ్చో ఆలోచించడం, ఇంతే. 346 మందితో చేసిన ట్రయల్ 2016లో వచ్చింది, మూడు నెలల తర్వాత కూడా ఈ సిట్టింగులకి వచ్చినవాళ్ళలో దిగులు, ఆందోళన రానివాళ్ళ కంటే తగ్గాయి.

నన్నడిగితే, చెప్పింది ఊరంతా పాకుతుందని భయమున్నచోట, ముఖ్యంగా ఆడవాళ్ళకి, ఒక్కరితో చెప్పుకోవడమే మేలు. రేపు ఏ క్యాంపులో ఉంటారో తెలీనోళ్ళని 15 వారాలు రమ్మంటే ఎలా వస్తారు, వాళ్ళకీ ఐదు వారాలదే నయం. మధ్యస్తంగా ఉగాండాలోని రైనో శరణార్థుల క్యాంపులో దక్షిణ సూడాన్ ఆడవాళ్ళకి గుంపుగా కూర్చోబెట్టి ఒత్తిడి తట్టుకునే పాఠాలు ఆడియోలో వినిపించే పద్ధతి ఒకటి చేశారు, అదీ బానే పనిచేసింది. కానీ ఊరు ఊరంతా దెబ్బతిని, మళ్ళీ అక్కడే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ బతకాలంటే మాత్రం నా ఓటు రువాండాకే, ఎందుకంటే అక్కడ తెగిపోయింది మనిషికీ మనిషికీ మధ్య నమ్మకం, దాన్ని గదిలో ఒక్కరే కూర్చుని అతికించుకోలేరు. చచ్చిపోతానంటున్నవాళ్ళకి, లేనివి వినిపించేవాళ్ళకి ఈ రెండూ చాలవు, వెంటనే డాక్టరు దగ్గరికే.

మా చెల్లి అయితే ఏ థెరపీకీ వెళ్ళలేదు. ఆ బంకర్లో ఉన్న బ్యాచ్‌మేట్స్ తొమ్మిది మంది వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు, రాత్రి పదకొండింటికి వీడియో కాల్, లూడో ఆడుకోవడం, కాలేజీ మెస్సు మీద జోకులు. బంకర్ మాట ఎత్తడానికి వాళ్ళకి నాలుగు నెలలు పట్టిందట. మొన్న దీపావళికి కాకరపువ్వొత్తులు కాల్చింది, టపాకాయల మోత మొదలవ్వగానే మాత్రం లోపలికెళ్ళి టీవీ సౌండ్ పెంచుకుంది.