ఉచిత మందుల మోసం: కౌంటర్ దగ్గరే తనిఖీయా, తర్వాత జరిమానాయా?

ఇంగ్లాండ్‌లోని ప్రజారోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో, మినహాయింపు లేని రోగి చీటీపై రాసిన ప్రతి మందుకూ నిర్ణీత రుసుము చెల్లించాలి. అర్హత లేకున్నా మినహాయింపు ఉందని ప్రకటించి మందులు ఉచితంగా తీసుకెళ్లేవారిని అరికట్టడానికి రెండు మార్గాలున్నాయి: మందు ఇచ్చేముందే కౌంటర్ దగ్గర అర్హత తనిఖీ చేయడం, లేదా తర్వాత పరిశీలించి జరిమానా నోటీసు పంపడం.

ఖర్చు: తనిఖీకి ఫార్మసీ కంప్యూటర్లను మినహాయింపు రికార్డులతో అనుసంధానించాలి. జరిమానాకు నోటీసులు, అభ్యంతరాలు, వసూళ్ల పని ఎడతెగకుండా సాగుతుంది.

శ్రమ: తనిఖీలో భారం ఫార్మసీ సిబ్బందిది. జరిమానాలో అది రోగిది.

ప్రమాదం: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. జరిమానా ఎగవేసిన రుసుముకు ఐదు రెట్లు, గరిష్ఠంగా 100 పౌండ్లు. 2014 నుంచి పంపిన 56 లక్షల నోటీసుల్లో 17 లక్షలను, రోగికి నిజంగానే మినహాయింపు ఉందని తేలాక ఉపసంహరించుకున్నారని 2019లో ప్రభుత్వ ఖర్చులను పరిశీలించే నేషనల్ ఆడిట్ ఆఫీస్ వెల్లడించింది. మందులు వాడే మధుమేహ రోగి, ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవలసిన మినహాయింపు ధ్రువపత్రం గడువు దాటిందని గమనించకపోతే, తెలిసి అబద్ధమాడినవారికి వచ్చే నోటీసే ఆయనకూ రావచ్చు; ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. తనిఖీలో ఆ లోపం మందు చేతికందేలోపే బయటపడుతుంది. అయితే రుజువు లేదని మందు నిరాకరిస్తే ప్రాణానికే ముప్పు కనుక, ఫార్మసీ ఆ సంగతి నమోదు చేసుకుని మందు ఇస్తుంది.

ధ్రువపత్రం రికార్డుల్లో ఉండే గర్భిణులకు, దీర్ఘరోగులకు కౌంటర్ తనిఖీయే మేలు. ఆదాయాన్ని బట్టి అర్హత నెలనెలా మారే యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే భత్యం) లబ్ధిదారులకు తర్వాతి పరిశీలన తగినది, కానీ ముందుగా వివరణ కోరుతూ ఉత్తరం వెళ్లాలి. అది అందాక కూడా తప్పుడు ప్రకటన చేసేవారికే జరిమానా తగును.